అంకోర్‌వాట్: మూడు కుటుంబాలు, నలుగురు పిల్లలు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడ. ఎలా చూడాలి?

వానకోయిల:

డిసెంబరు సెలవుల్లో మూడు కుటుంబాలం కలిసి కంబోడియా వెళ్తున్నాం. విమానం టికెట్లు తీసేసుకున్నాం, మకాం అంకోర్‌వాట్ పక్క ఊరు సియెం రీప్‌లో. పెద్దవాళ్ళం ఆరుగురం, పిల్లలు నలుగురు. చిన్నదానికి 7 ఏళ్ళు, పెద్దవాడికి 14. మా అత్తగారు కూడా వస్తున్నారు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, కానీ అంకోర్‌వాట్ చూడాలని ఎన్నాళ్ళ నుంచో కోరిక.

ఇప్పుడు చిక్కు ఏమిటంటే, మా స్నేహితుల్లో ఒకాయన గుళ్ళన్నీ జాబితా రాసుకుని కూర్చున్నాడు. అంత దూరం వెళ్ళి ఒక్కటి కూడా వదలకూడదంటాడు. ఇంకో జంటేమో సూర్యోదయం, చెట్ల వేళ్ళు అల్లుకున్న గుడి, ఈ రెండూ చూస్తే చాలు, పిల్లలు ఈతకొలనులో ఆడుకుంటారు అంటున్నారు. వాట్సాప్ గ్రూపులో రోజూ ఇదే చర్చ. మెల్లగా మాటల్లో విసుగు కూడా కనిపిస్తోంది. చిన్నప్పటి నుంచి స్నేహితులం. ఈ ప్రయాణం వల్ల మనసులు కష్టపడకూడదు.

ఎన్ని రోజుల టికెట్టు తీసుకోవాలి? పిల్లలు విసుక్కోకుండా ఏం చూపించాలి? అత్తగారిని ఎంతవరకు తిప్పగలం? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.


దారిబత్తెం:

ముందు టికెట్టు సంగతి తేల్చేస్తాను. 1 రోజుకి 37 డాలర్లు, 3 రోజులకి 62, 7 రోజులకి 72. మూడు రోజుల టికెట్టును వరసగా వాడక్కర్లేదు, 10 రోజుల్లో ఏ మూడు రోజులైనా వాడుకోవచ్చు. మధ్యలో ఒక రోజు పిల్లల్ని కొలనులో వదిలేయవచ్చన్నమాట. మీకు అదే సరిపోతుంది. 12 ఏళ్ళ లోపు పిల్లలకి టికెట్టు లేదు, కానీ పాస్‌పోర్టు చూపించమంటారు, వెంట ఉంచుకోండి.

భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోవాలి. అంకోర్‌వాట్ పై అంతస్తుకి ఎక్కే దగ్గర ఈ విషయంలో అస్సలు ఒప్పుకోరు. పైన శాలువా కప్పుకుంటే చాలదా అంటే చాలదు, చొక్కాకే చేతులుండాలి.

డాలర్లు అన్నిచోట్లా నడుస్తాయి, చిల్లర మాత్రం అక్కడి డబ్బు రియెల్స్‌లో ఇస్తారు. చిరిగిన నోటు, గీతలు పడ్డ నోటు తీసుకోరు. చిన్న నోట్లు ఎక్కువ తీసుకెళ్ళండి. 2023 అక్టోబరులో మొదలైన కొత్త విమానాశ్రయం ఊరికి 40 కిలోమీటర్ల పైనే ఉంటుంది. రాత్రి దిగేటట్టయితే 11 మందికీ బండి ముందే మాట్లాడి పెట్టుకోండి.


నల్లరేగడి:

వానకోయిల గారూ, మేమూ ఇలాగే వెళ్ళాం. మా ఇంటివాళ్ళం, నాతో కలిసి చదువుకున్న స్నేహితురాలి కుటుంబం, మా నాన్నగారు. నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను. అందుకని కాస్త పొడుగ్గా రాస్తే ఏమనుకోకండి, ఈ గుళ్ళంటే నాకు ప్రాణం.

నా మాట వింటే, ఎన్ని గుళ్ళు అనే లెక్క పక్కన పెట్టి ఏ గోడలు చూడాలో ఎంచుకోండి. అంకోర్‌వాట్‌ని 12వ శతాబ్దం తొలి సగంలో రెండో సూర్యవర్మ విష్ణువుకి కట్టించాడు. చుట్టూ 190 మీటర్ల వెడల్పు కందకం, మధ్యలో మేరు పర్వతంలా అయిదు గోపురాలు. అందరూ ఆ గోపురాల ఫొటో తీసుకుంటారు. అసలు నిధి ఉన్నది కింద, మొదటి ప్రాకారం మండపాల గోడల మీద. రామాయణం, భారతం, భాగవతం తెలిసిన ఇంట్లో పుట్టిన పిల్లలకి అక్కడ గైడుతో పని లేదు.

పడమటి ద్వారంలోంచి మండపంలోకి ఎక్కగానే కుడి చేతికి తిరగండి. మొదటి గోడ కురుక్షేత్రం. దాదాపు 50 మీటర్ల పొడుగునా ఒకటే యుద్ధం. ఎడమ నుంచి కౌరవులు, కుడి నుంచి పాండవులు నడిచి వస్తుంటారు. మొదట్లో అడుగులు కలిపి వరసగా సాగే సైనికులు మధ్యకి వచ్చేసరికి ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి, ఏ చెయ్యి ఎవరిదో తెలియదు. మా నాన్నగారు కొద్ది దూరం నడిచి ఆగిపోయారు. పైన అంపశయ్య మీద భీష్ముడు. ఒళ్ళంతా బాణాలు, చుట్టూ తనవాళ్ళు. పేరు రాసిన పలక కోసం ఆయన వెతకలేదు. మా స్నేహితురాలి కూతురు వెనకాలే వచ్చి, "తాతయ్యా, ఈయన చచ్చిపోయాడా?" అనడిగింది. "లేదమ్మా, ఉత్తరాయణం వచ్చేదాకా ప్రాణం పట్టుకుని ఉన్నాడు" అని మొదలుపెట్టారు. ఇక ఆ పిల్ల కదిలితే ఒట్టు. కృష్ణుడెక్కడ, అర్జునుడెక్కడ అని గోడంతా వెతికింది. నాలుగు చేతులతో రథం తోలుతున్న కృష్ణుణ్ణి తనే కనిపెట్టింది. మా అబ్బాయి కర్ణుడి కోసం వెతుక్కుంటూ ఆ చివరికి వెళ్ళాడు.

అక్కణ్ణుంచి గోడను ఎడమచేతి వైపు ఉంచుకుని నడుస్తారు, అంటే అప్రదక్షిణంగా. గుడి ముఖం పడమటికి, కథలు సాగేది అప్రదక్షిణంగా. రెండూ చావుకి సంబంధించిన గుర్తులు. అందుకే ఇది రాజు చనిపోయాక ఆయన కోసం ఉద్దేశించిన గుడి అని చాలామంది పండితులు అంటారు. పెద్ద పిల్లలకి ఈ సంగతి చెప్పి, మిగతా ఆధారాలు వాళ్ళనే వెతకమనండి. దక్షిణం వైపు గోడ మీద సూర్యవర్మే స్వయంగా గొడుగుల కింద కూర్చుని కనిపిస్తాడు. ఆ తరవాత దున్నపోతు మీద యముడు, చిత్రగుప్తుడు, పైన స్వర్గం, కింద నరకం.

తూర్పు వైపు తిరిగితే క్షీరసాగర మథనం. దీని దగ్గర మాత్రం తొందరపడకండి. అందరూ దూరంగా నిలబడి దేవతల్ని, రాక్షసుల్ని చూసి వెళ్ళిపోతారు. మీరు పిల్లల్ని దగ్గరికి తీసుకెళ్ళి, కింద సముద్రంలో ఉన్న చేపల్ని చూడమనండి. కవ్వానికి దూరంగా ఉన్న చేపలు, మొసళ్ళు నిండుగా ఈదుతుంటాయి. మందరగిరి దగ్గరయ్యే కొద్దీ నీటి సుడికి అవి తెగి ముక్కలవుతూ ఉంటాయి. సరిగ్గా మధ్యలో, కూర్మం పక్కన, సగం చేపలు, తోకలు, తలలు. దేవాసురుల బలం ఎంతటిదో ఆ శిల్పి చేపల్లో చూపించాడు. మా నాన్నగారికి ఇది చూపించింది పిల్లలే. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశారు. వాసుకి తోక పట్టుకున్న వానర వీరుడు ఎవరని పిల్లలు వాదించుకున్నారు. హనుమంతుడని కొందరు, సుగ్రీవుడని కొందరు. ఆ వాదన పండితుల్లోనూ ఉంది.

ఒక్క మాట. పిల్లల చేతులు గోడకి తగలనివ్వకండి. కొన్ని చోట్ల రాయి నల్లగా, నునుపుగా మెరుస్తూ కనిపిస్తుంది. అదంతా ఎన్నో ఏళ్ళుగా జనం తడిమిన ఫలితం. ఇసుకరాయి మెత్తనిది, పోయిన ముక్కు మళ్ళీ రాదు.

ఉత్తరం వైపు మిగిలిన గోడలు ఓపికుంటేనే చూడండి. పడమటి వైపుకి తిరిగొచ్చాక ఉండే లంకా యుద్ధం మాత్రం వదలొద్దు. హనుమంతుడి భుజాల మీద నిలబడి బాణం వేస్తున్న రాముడు, ఇరవై చేతుల రావణుడు, రాక్షసుల్ని కొరుకుతున్న కోతులు. మీ చిన్నదానికి ఆ కోతులు చాలు.

ఇక మీ స్నేహితుల విషయం. అందరూ ఒకే బండిలో తిరగాలనే పట్టు వదిలేయండి. మేం చేసింది ఇదీ. పెద్ద వ్యాన్ బదులు రోజుకి వేర్వేరు టుక్‌టుక్‌లు మాట్లాడుకున్నాం, బండికి నలుగురు. పొద్దున్న ఒక గుడి అందరూ కలిసి చూడాలి, రాత్రి భోజనం అందరూ కలిసి చేయాలి. మధ్యలో ఎవరికి ఇష్టమైన దారి వాళ్ళది. మా స్నేహితురాలి భర్త మధ్యాహ్నం ఒంటరిగా ప్రీయ ఖాన్ అనే ఇంకో గుడికి వెళ్ళాడు. రాత్రి భోజనాల దగ్గర ఆయన చెప్పిన కబుర్లు విని మర్నాడు ఇంకో ఇద్దరు వెళ్ళారు. బలవంతాన తీసుకెళ్ళి ఉంటే ఆ ఇద్దరూ ఎండకి సణుక్కుంటూ తిరిగేవాళ్ళు. బండి ఖర్చులకీ నీళ్ళ సీసాలకీ ఒక ఉమ్మడి పర్సు పెట్టుకున్నాం. ప్రతి కుటుంబం సమానంగా వేసింది, లెక్క మాత్రం ఒక్కరే చూశారు. డబ్బు మాట మళ్ళీ ఎక్కడా రాలేదు.

మీ అత్తగారికి అన్నిటికన్నా అనువైన గుడి బంటే శ్రే. ఊరికి కాస్త దూరం, కానీ దాదాపు అంతా చదునే. గడపలు దాటేటప్పుడు చెయ్యి పట్టుకుంటే చాలు. 967లో ప్రతిష్ఠ జరిగిన శివాలయం. కట్టించింది రాజు కాదు, యజ్ఞవరాహుడనే రాజగురువు. ఎర్రని ఇసుకరాయి మీద చెక్కపని అంత సన్నని చెక్కడం. రావణుడు కైలాసాన్ని పెకలిస్తుంటే కింద జంతువులు పారిపోతుంటాయి, పైన పార్వతి శివుణ్ణి గట్టిగా పట్టుకుని ఉంటుంది. మన్మథుడు శివుడి మీద బాణం ఎక్కుపెట్టడం, ఖాండవ వనం మీద ఇంద్రుడు కురిపించే వాన, కంసవధ, వాలి సుగ్రీవుల పోరు, అన్నీ తల కాస్త పైకెత్తితే కనిపించే ఎత్తులోనే ఉన్నాయి. మీ 14 ఏళ్ళ అబ్బాయికి దొంగతనం కథ చెప్పండి. 1923లో ఆంద్రె మాల్రో అనే కుర్ర రచయిత ఇక్కడి దేవతా విగ్రహాలు కోసుకుని పట్టుకెళ్తూ దొరికిపోయాడు. విగ్రహాలు వెనక్కి వచ్చాయి. ఆయనే తరవాత ఫ్రాన్సుకి సాంస్కృతిక శాఖ మంత్రి అయ్యాడు. ఆ అన్యాయం మీద మా అబ్బాయి దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు.


చెరువుగట్టు:

నల్లరేగడి గారు చెప్పినవన్నీ నిజమే. కానీ జాబితా రాసుకున్న ఆ స్నేహితుడి తరఫున నేనొకటి చెప్పాలి. నేను సివిల్ ఇంజనీరుని. అక్కడ గోడల మీది కథల కన్నా ఆ గోడలు నిలబడ్డ తీరే నన్ను పట్టుకుంది. ఆ గుళ్ళు కట్టినవాళ్ళకి కమాను కట్టే పద్ధతి తెలియదు. రాయి మీద రాయి కాస్త కాస్తగా ముందుకు జరుపుతూ పైన కలిపారు. అందుకే గదులు అంత ఇరుకు, మండపాలు అంత సన్నం. ఇది ఒక గుడిలో అర్థం కాదు, నాలుగైదు చూస్తేనే తేడా తెలుస్తుంది.

ఆయన్ని బాఫువోన్‌కి తప్పకుండా పంపండి. కూలిపోతున్న ఆ గుడిని తిరిగి నిలబెట్టడానికి ఫ్రెంచి వాళ్ళు 1960ల్లో రాళ్ళు విప్పారు. సుమారు 3,00,000 రాళ్ళు, ఏ రాయి ఎక్కడిదో రాసిపెట్టుకుని అడవిలో పేర్చారు. ఇంతలో అంతర్యుద్ధం వచ్చింది. ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టుల పాలనలో ఆ కాగితాలు నాశనమయ్యాయి. 1995లో మళ్ళీ మొదలుపెట్టి, ఒక్కో రాయి చోటు వెతుక్కుంటూ 2011కి పూర్తి చేశారు. ఆ రాళ్ళ మధ్య నడుస్తుంటే నాకు ఒళ్ళు జలదరించింది.

పశ్చిమ బారాయ్ కూడా చూడాలి. మనుషులు గట్లు వేసి కట్టిన చెరువు, దాదాపు 8 కిలోమీటర్ల పొడుగు, 2 కిలోమీటర్ల పైన వెడల్పు. అవతలి గట్టు సరిగ్గా ఆనదు. గుళ్ళు కట్టిన రాజ్యాన్ని నిలబెట్టింది ఆ నీళ్ళే. గట్టు మీద చెట్టు నీడలో మీ అత్తగారు హాయిగా కూర్చోవచ్చు కూడా.

చెట్ల వేళ్ళు అల్లుకున్న ఆ గుడి పేరు తా ప్రోమ్. అక్కడ చెట్ల దగ్గర ఫొటోల రద్దీ ఎక్కువ. వెళ్ళేముందు పిల్లలకి అక్కడి శాసనం సంగతి చెప్పండి. 1186లో ఏడో జయవర్మ తన తల్లి పేరిట కట్టించాడు. ఆ గుడిలో 615 మంది నర్తకులు ఉండేవారని, రాజ్యంలో 102 ఆసుపత్రులు ఉన్నాయని అందులో ఉంది. ఇప్పుడు వేళ్ళు మాత్రమే చూసి వచ్చేస్తాం కానీ, ఒకప్పుడు అది జనంతో కిటకిటలాడిన ఊరు. అక్కడి మరమ్మతుల్లో మన భారత పురాతత్వ శాఖ వాళ్ళు ఏళ్ళ తరబడి పని చేశారు. వాళ్ళు తిరిగి నిలబెట్టిన భాగాల్ని ఆగి చూడండి.


వానకోయిల:

అందరికీ ధన్యవాదాలు. రెండు మూడు బండ్ల ఆలోచన గ్రూపులో పెట్టాను, జాబితా స్నేహితుడికి బాఫువోన్ కథ పంపాను. రెండింటికీ వెంటనే సరేనన్నారు!

ఇంకొన్ని సందేహాలు. అంకోర్‌వాట్ పై అంతస్తుకి చిన్నపిల్లల్ని ఎక్కనివ్వరట కదా, మరి వాళ్ళని ఏం చేయాలి? యముడి గోడ దగ్గర మా చిన్నది భయపడుతుందేమో. సూర్యోదయం కోసం చీకట్లో లేచి వెళ్ళడం నిజంగా అవసరమా? అత్తగారిని ఆ వేళ తీసుకురావాలా?


నల్లరేగడి:

12 ఏళ్ళ లోపు పిల్లల్ని పైకి ఎక్కనివ్వరు, నిజమే. పైకి ఒకేసారి వంద మందినే పంపుతారు, వరసలో నిలబడాలి. బౌద్ధుల పర్వదినాల్లో అసలు మూసేస్తారు, ముందే కనుక్కోండి. మెట్లు బాగా నిటారు, పాత రాతిమెట్ల మీద చెక్కమెట్లు వేశారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు వాటి జోలికి వెళ్ళకూడదు. పెద్దవాళ్ళు రెండు జట్లుగా ఎక్కండి. ఒక జట్టు పైనుండగా ఇంకో జట్టు పిల్లలతో, అత్తగారితో కింద గోడల దగ్గర ఉంటుంది. పైకి వెళ్ళలేనివాళ్ళు ఏదో పోగొట్టుకున్నామని అనుకోకుండా ఉండాలంటే మథనం గోడని ఆ సమయానికే అట్టేపెట్టండి. పైనుంచి దిగినవాళ్ళకి చేపల సంగతి చెప్పేది అప్పుడు పిల్లలే అవుతారు.

యముడి గోడ గురించి. కింది వరసలో ముక్కుకి తాడు కట్టి మనుషుల్ని ఈడ్చుకెళ్ళడం, కొట్టడం అన్నీ ఉన్నాయి. 7 ఏళ్ళ పిల్లకి పైవరస మాత్రం చూపించి నడిపించేయండి. స్వర్గానికీ నరకానికీ మధ్య గోడ పొడుగునా గరుత్మంతులు భుజాలతో స్వర్గాన్ని మోస్తుంటారు. వాటిని లెక్కపెట్టమంటే నరకం వైపు చూపే పోదు.

సూర్యోదయానికి పెద్ద పిల్లలూ, ఇష్టమున్న పెద్దవాళ్ళూ వెళ్ళండి, అత్తగారినీ చిన్నదాన్నీ నిద్రపోనివ్వండి. గుడి 5 గంటలకే తెరుస్తారు. ఎడమ చేతి వైపు కోనేటి గట్టున జనం ముందే కిక్కిరిసి ఉంటారు. డిసెంబరులో సూర్యుడు బాగా దక్షిణానికి జరిగి ఉంటాడు కాబట్టి మధ్య గోపురం మీద కనిపించడు, కుడి పక్కన పైకి వస్తాడు. నడి గోపురం మీద సరిగ్గా ఉదయించేది పగలూ రాత్రీ సమానంగా ఉండే మార్చి, సెప్టెంబరు విషువత్తుల్లో. సూర్యోదయం చూస్తే చాలన్న మీ స్నేహితుల జంటకి ఇది ముందే చెప్పండి, లేకపోతే ఫొటో కోసం వచ్చి నిరాశపడతారు.

నన్నడిగితే సూర్యోదయం కన్నా దాని తరవాతి గంట విలువైనది. ఎండ పడగానే సగం జనం పలహారానికి హోటళ్ళకి వెళ్ళిపోతారు. అప్పుడు నేరుగా తూర్పు మండపానికి నడవండి, పొద్దుటి వెలుగు మథనం గోడ వైపే ఉంటుంది. అత్తగారిని ఇంకో రోజు 7 గంటల వేళకి తీసుకురండి. పడమటి వైపు కందకం బయటి గట్టు నుంచి గుడి దాకా నడక అర కిలోమీటరు పైనే, మధ్యలో నీడ తక్కువ. గొడుగు, మడతపెట్టే చిన్న స్టూలు వెంట ఉంచుకోండి. మా నాన్నగారు ఆ స్టూలు మీద కురుక్షేత్రం ముందు కూర్చునే పిల్లలకి కథంతా చెప్పారు.

చెరువుగట్టు గారు బారాయ్ గుర్తు చేయడం బాగుంది. నేను బాయోన్ గుడి గురించి చెప్పడం మర్చిపోయాను. పై అంతస్తులో ఆ పెద్ద పెద్ద రాతి ముఖాలు చూసి అందరూ దిగిపోతారు. మీరు కింద బయటి గోడలు చూడండి. అక్కడ పురాణాలు లేవు, ఊరి జనం ఉన్నారు. కోడిపందెం, బజారు, వంట, పడవల మీద పొరుగు రాజ్యం చంపా నుంచి వచ్చిన చామ్ సైన్యంతో యుద్ధం. తూర్పు వైపు గోడ మీద నడిచిపోతున్న ఒక సైనికుణ్ణి వెనకనుంచి తాబేలు కరుస్తుంటుంది. అతను ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూస్తాడు. దాన్ని ముందుగా ఎవరు కనిపెడతారో అని పిల్లలకి పందెం పెట్టండి, పెద్దవాళ్ళెవరూ చెప్పకండి. బాయోన్ తెరిచేది 7:30కి. అంకోర్‌వాట్ ముగించుకుని వెళ్ళేసరికి ఎండ ముదురుతుంది కాబట్టి దానికి వేరే ఉదయం పెట్టుకోండి. ఆ రోజే బాఫువోన్ కూడా చూడొచ్చు, రెండూ నడిచే దూరంలోనే ఉన్నాయి. మీ జాబితా స్నేహితుడికి నచ్చుతుంది.